బాల్కనీ వాళ్ళది

ఆగస్టులో మధ్యాహ్నం రెండు దాటితే మా కొర్దొబా నగరం కళ్ళు మూసుకుంటుంది. దుకాణాల ఇనప తలుపులు గరగరమంటూ కిందికి దిగుతాయి. బాల్కనీలకి గడ్డితాడుతో అల్లిన తెరలు దించి, వాటి మీద చెంబుతో నీళ్ళు చల్లుతారు. లోపల చీకట్లో మనుషులు మాట్లాడకుండా పడుకుంటారు. బయట నలభై నాలుగు డిగ్రీలు. వీధులన్నీ ఎండవే.

ఆ రోజు పదహారో తారీఖు. ఒబ్దూలియా మామ్మ ఇంట్లో నేనూ ఎలోయ్ కాపలా ఉన్నాం. కొర్రెదేరా చౌకులో తూర్పు వరస, రెండో అంతస్తు. ఆ ఇంటి కిందనే తొరీల్ సందు మొదలవుతుంది. వెనకటి రోజుల్లో ఎద్దుల్ని చౌకులోకి వదిలేముందు ఆ సందులోనే కట్టేసేవారు.

మా చౌకుని అందరూ మెచ్చుకుంటారు. నాలుగు వైపులా ఒకే కొలతలో కమాన్లు, వాటి మీద మూడు వరసల్లో ఒకేలాంటి బాల్కనీలు. ఎంత అందంగా ఉందో అని టూరిస్టులు ఫోనులెత్తినప్పుడల్లా నాకు పళ్ళు నూరాలనిపిస్తుంది. ఒక్క చౌకు చుట్టూ అన్ని బాల్కనీలు ఎందుకు కడతారు? గాలి కోసమా? చావు చూడడానికి కట్టారు. ఇక్కడ ఎద్దుల్ని పొడిచారు. ఇక్కడే, తమ దేవుడు కాని దేవుణ్ణి నమ్మినవాళ్ళకి శిక్షలు చదివారు. రెండింటికీ అవే సీట్లు. చరిత్ర అంటే ఎవరు ఇసకలో నిలబడ్డారు, ఎవరు పైన కూచున్నారు అన్న లెక్క. నేను చదివిన పుస్తకాలన్నిటి సారం నాకు ఆ ఒక్క చౌకులో కనపడేది.

మామ్మకి ఎనభై నాలుగేళ్ళు. పుట్టింది ఆ ఇంట్లోనే. నలభై ఏళ్ళు చౌకులో కోడిగుడ్లు అమ్మింది. ఆ వరస మొత్తాన్ని ఒక కంపెనీ కొనేసింది. అద్దెకున్నవాళ్ళని ఒక్కొక్కళ్ళనే పంపించేసి, తలుపులకి అంకెల తాళాలు బిగించి, టూరిస్టు గదులు చేసింది. మిగిలింది మామ్మ ఒక్కతే. ఆగస్టులో కోర్టులకి సెలవులు, ఆపేవాళ్ళుండరు. అందుకే కంపెనీ ఆగస్టులోనే ఇళ్ళు ఖాళీ చేయించే నల్లచొక్కాలవాళ్ళని పంపిస్తుంది. అంతకు ముందు వారం పక్క వీధిలో ఒక ముసలాయన ఇంటి తలుపు తట్టి, గ్యాసు మీటరు చూడాలన్నారు. ఆయన తీశాడు. పది నిమిషాల్లో ఆయన మంచం వీధిలో ఉంది, మంచం మీద ఆయన ఉన్నాడు.

అందుకని మా పేట ఇళ్ళ సంఘం నియమం ఒకటే. ఎవరొచ్చినా తలుపు తియ్యకూడదు. మా మనిషైతే రెండు కొట్టి, ఆగి, మూడు కొడతాడు. అలా కొట్టకపోతే ఆ వచ్చినవాడు సాక్షాత్తూ బిషప్పైనా సరే, గడియ కదలకూడదు.

"ఇంకో గిన్నె పొయ్యనా?" అంది మామ్మ.

"పొయ్యండి," అన్నాడు ఎలోయ్. వాడు కింద బారులో బీరు పీపాలు మోస్తాడు. అప్పటికి వెల్లుల్లి వేసిన చల్లటి టమాటా జావ మూడు గిన్నెలు తాగాడు. "విప్లవం ఖాళీ కడుపుతో రాదు మామ్మా."

"నీ కడుపు నిండేసరికి ఆ విప్లవం నాలాగా ముసలిదైపోతుందిరా."

నేను నవ్వాను. వంటింట్లో చల్లగా ఉంది. గోడకి సున్నం వేసి చాలా ఏళ్ళయినట్టుంది. కూచున్న మనిషి నుదురెత్తున నల్లగా జిడ్డు మరకలు రెండున్నాయి, ఒకదాని పైన ఒకటి. చెమ్మ అనుకున్నాను.

నాలుగున్నరకి మామ్మ లేచి కుర్చీలు మొయ్యడం మొదలుపెట్టింది. వద్దన్నా వినలేదు. బాల్కనీ తలుపుల దగ్గర, తెర వెనక, ముందు నాలుగు, వెనక నాలుగు వేసింది. పక్కన చిన్న బల్ల మీద మట్టి కూజాతో నీళ్ళు, ఎనిమిది గ్లాసులు పెట్టింది.

"ఎవరొస్తున్నారు మామ్మా?"

"బాల్కనీవాళ్ళు."

"కంపెనీ మనుషులా?"

"కంపెనీ ఎక్కడిది! వీళ్ళు పాతవాళ్ళు." గ్లాసులు గౌను అంచుతో తుడుస్తూ, కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది. "మా అమ్మమ్మ వాళ్ళమ్మ అద్దెకి దిగినప్పుడు రాసిచ్చిన కాయితంలోనే ఉంది. ఇల్లు మాది, బాల్కనీ మాది కాదు. ఎద్దుల రోజున టిక్కెట్టున్నవాళ్ళు వస్తారు. తలుపు తియ్యాలి. కుర్చీలు వెయ్యాలి, నీళ్ళు పెట్టాలి. వాళ్ళు చూస్తున్నంతసేపూ ఇంటివాళ్ళు వంటింట్లో గోడకి తిరిగి కూచోవాలి. ఆట అయిపోతే వాళ్ళే వెళ్ళిపోతారు."

"ఈ చౌకులో ఎద్దుల ఆట ఆగిపోయి ఎన్ని తరాలైంది!"

"ఆట ఆగింది. వాళ్ళు రావడం ఆగలేదు. ఏడాదికి ఒక్కసారి, ఇవాళే. అయిదింటికి."

ఎలోయ్ చెంచా ఆపి నా వైపు చూశాడు. నేను గోడ మీది మరకల వైపు చూశాను.

"కింది మరక మా అమ్మది," అంది మామ్మ. "పైది నాది. నేను పొడుగు."

నాకు భయం వెయ్యలేదు. కోపం వచ్చింది. నాలుగు తరాల ఆడవాళ్ళు తమ ఇంట్లో తామే గోడకి ముఖం ఆనించి కూచున్నారు, ఎవడో దొర వాళ్ళ బాల్కనీలో కూచుని చావు చూడడానికి. ఆ దొర చచ్చి మట్టిలో కలిసినా వీళ్ళు లేవలేదు!

"మామ్మా, ఇదే వాళ్ళ బలం," అన్నాను. "దోపిడీని ఆచారం చేస్తారు. ఆచారాన్ని భయం చేస్తారు. భయాన్ని మీ వంటింటి గోడ మీద మరక చేస్తారు. మీ తలుపుకి మీరే యజమాని. ఇల్లు హక్కు, సరుకు కాదు!"

"నువ్వు గోడల మీద రాసేవన్నీ చదివానులే పిల్లా. బాగున్నాయి. తలుపు మాత్రం తియ్యి."

"తియ్యకపోతే?" అన్నాడు ఎలోయ్.

"పైన చోటు దొరకనివాళ్ళు కిందికి దిగుతారు. తలుపు మూసినవాళ్ళని కిందికి పిలుస్తారు." ఖాళీ గిన్నెలు ఒకదానిలో ఒకటి పెట్టింది. "మా ఆయన ఒకసారి తియ్యలేదు. పెళ్ళయిన మూడో ఏడు. నీలాగే మాట్లాడేవాడు, సంఘాలూ అవీ."

"ఆయన పరంజా మీంచి పడి పోయారు కదా? తొరీల్ సందులో."

"అలా రాశారు," అంది మామ్మ.

అప్పుడు సాన్ పెద్రో చర్చి గంట అయిదు కొట్టింది.

నేను వీధి తలుపు దగ్గరికి వెళ్ళాను. గడియ వేసే ఉంది. ఇనప కమ్మీ కూడా అడ్డంగా పెట్టాను. మెట్ల మీద అడుగులు వినపడ్డాయి. చాలామందివి. తొందర లేని అడుగులు. గుడికి వచ్చినట్టు, పెళ్ళికి వచ్చినట్టు... పట్టుబట్టలు ఒకదానికొకటి రాసుకుంటున్న చప్పుడు. ఎవరో విసనకర్ర తెరిచి, మూసి, మళ్ళీ తెరిచారు.

తలుపు సందులోంచి వాసన వచ్చింది. కమలాపండు తొక్క. కొవ్వొత్తి మైనం. దాని కింద పశువు చెమట, తడిసిన ఇసక... ఇంకా కింద, కసాయి దుకాణంలో సాయంత్రం నేల కడిగేటప్పుడు వచ్చే వాసన.

కర్రతో కొట్టారు. ఒకటి. రెండు. మూడు. సమంగా.

మా కొట్టుడు కాదు.

తలుపు కంతలోంచి చూశాను. నల్లగా ఉంది. ఎవరో బయట నుంచి అరచెయ్యి అడ్డం పెట్టారు. నల్లచొక్కాలవాళ్ళు చేసేదీ అదే.

"వాళ్ళే," అని గుసగుసలాడాడు ఎలోయ్. "ఎంతమంది?"

"తెలీదు."

తలుపు అవతల ఒక గొంతు, విసుగు లేకుండా, మర్యాదగా అంది:

"బాల్కనీ."

మామ్మ కుర్చీలోంచి లేచింది. "వస్తున్నా!" అని కేక వెయ్యబోయింది. నేను పరుగెత్తి ఆమె నోరు మూశాను. రెండో చేత్తో ముంజెయ్యి పట్టుకుని కుర్చీలోకి నొక్కాను. ఆమె తన్నింది. నా అరచెయ్యి కొరికింది. ఎనభై నాలుగేళ్ళ మనిషిలో అంత బలం ఎక్కడిదో! నేను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. నా వేళ్ళ కింద ఆమె ఎముక తెలిసింది. పుల్లలా ఉంది.

"ఇది మీ ఇల్లు మామ్మా," అంటున్నాను ఆమె చెవిలో. "మీ ఇల్లు... మీ ఇల్లు..."

ఆ మాట అంటూ ఆమె ఇంట్లో ఆమెని కదలనివ్వకుండా నొక్కిపెట్టింది నేను. అది అప్పుడు నాకు తట్టలేదు.

మళ్ళీ మూడు దెబ్బలు. మళ్ళీ ఆ మాట. తర్వాత నిశ్శబ్దం. అడుగులు కిందికి దిగాయి, వచ్చినంత నెమ్మదిగానే.

"పోయారు!" ఎలోయ్ గోడకి జారబడ్డాడు. "భలే గట్టిదానివే సాంతా. తలుపు తియ్యకుండానే గెలిచాం."

వాడు నన్ను సాంతా అనే పిలుస్తాడు. నా పేరు ఫ్వెన్సాంతా. ఈ ఊళ్ళో అమ్మవారి పేరు.

నేను మామ్మని వదిలాను. ఆమె ముంజెయ్యి మీద నా నాలుగు వేళ్ళూ ఎర్రగా అచ్చుపడ్డాయి. నన్ను తిట్టలేదు. జుట్టు సవరించుకుంది.

"నీళ్ళు తాగొస్తా," అని వంటింట్లోకి వెళ్ళింది.

నేను తెర దగ్గరికి వెళ్ళాను. వాళ్ళు చౌకు దాటి వెళ్ళడం చూద్దామని. గడ్డితాళ్ళ మధ్య సన్నని సందులోంచి తెల్లటి ఎండ కంట్లో సూదిలా గుచ్చుకుంది. కన్ను చిట్లించి చూశాను.

చౌకులో రాతి పలకలు లేవు. ఇసక ఉంది. పసుపుపచ్చని ఇసక, గీతలు గీసినట్టు చదును చేసి ఉంది.

ఎదుటి వరస బాల్కనీలన్నీ నిండి ఉన్నాయి.

అవీ టూరిస్టు గదులే. ఆ వారం ఖాళీవి. కానీ ప్రతి బాల్కనీ నిండా మనుషులు, ముందు నాలుగు, వెనక నాలుగు... నల్లబట్టలు, తెల్ల మెడపట్టీలు, విసనకర్రలు. విసనకర్రలు అన్నీ ఒకేసారి కదులుతున్నాయి. చప్పుడు లేదు. ముఖాలన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి.

చౌకు వైపు కాదు. మా బాల్కనీ వైపు.

మా కింది కమాను నుంచి ఎనిమిది మంది ఇసకలోకి నడిచి వెళ్ళారు. మధ్యలో ఆగారు. వెనక్కి తిరిగి తలలెత్తారు.

నేను తెర తాడు పట్టుకుని ఒక్క గుంజుతో పైకి లేపేశాను.

ఏమీ లేదు. ఖాళీ చౌకు. రాతి పలకలు. బారుల ముందు పేర్చి గొలుసులు కట్టిన కుర్చీలు. మూసిన తలుపులు. ఎండ.

అప్పుడు ఒక కమాను నీడలోంచి ఎండలోకి ఒక చిన్న ఆకారం వచ్చింది. పూల గౌను, ఇంటి చెప్పులు, చేతిలో విసనకర్ర.

మామ్మ.

వంటింటి వెనక తలుపు తెరిచి ఉంది. వెనక మెట్లు! ఆ మెట్లు ఉన్నాయని మేం ఇద్దరం మరిచిపోయాం.

"ఎలోయ్!"

వాడు వచ్చి చూశాడు. మామ్మ చౌకు మధ్యలో నిలబడి, ఖాళీగా ఉన్న చోటుతో మాట్లాడుతోంది. రొమ్ము మీద చెయ్యి వేసుకుంది. 'నేను' అన్నట్టు. 'తలుపు మూసింది నేనే' అన్నట్టు.

"వడదెబ్బ తగిలి చస్తుందే ముసలమ్మ!" అని ఎలోయ్ వెనక మెట్ల వైపు పరుగెత్తాడు. చెప్పులు కూడా వేసుకోలేదు.

నేను బాల్కనీ అంచు పట్టుకుని చూస్తున్నాను. ఇనుము అరచేతుల్ని కాలుస్తోంది. వదల్లేదు.

ఎలోయ్ ఎండలోకి వచ్చాడు. కాళ్ళు కాలి గెంతుతున్నాడు. "రండి మామ్మా, ఇంట్లోకి పోదాం, నేను ఎత్తుకుంటాలే!" అంటున్నాడు. నాకు నవ్వొచ్చింది కూడా, ఒక్క క్షణం.

నా కాళ్ళ కింద, తొరీల్ సందులో, చెక్క తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

ఆ సందులో చెక్క తలుపు లేదు. నేను పుట్టక ముందునుంచీ లేదు.

మామ్మ విసనకర్ర పడిపోయింది. ఆమె సందు వైపు చూసింది. ఎలోయ్ కూడా చూశాడు. వాడికి ఏం కనపడిందో నాకు తెలీదు. నాకు దుమ్ము కనపడింది. దుమ్ము లేని రాతి నేల మీద దుమ్ము లేచింది, తిన్నగా, వేగంగా... వాడు మామ్మని రెండు చేతులతో పక్కకి తోసేశాడు.

తర్వాత వాడు గాలిలో ఉన్నాడు.

వాణ్ణి ఏదీ ముట్టుకోలేదు. నేను చూశాను, ఏదీ లేదు. కుడి తొడ దగ్గర వాడి ఒళ్ళు మడతపడింది. మనిషెత్తు దాటి పైకి లేచాడు. ఒక్కసారి గిర్రున తిరిగాడు. తల కిందులుగా పడ్డాడు. లేవబోయాడు. మళ్ళీ లేచాడు గాలిలోకి, ఈసారి పొట్ట మీదుగా, గుడ్డ చిరిగినట్టు చప్పుడైంది. రక్తం ఎండలో నల్లగా కనపడింది. రాళ్ళ మీద పడగానే పీల్చుకుపోయింది, ఇసక మీద పడినట్టు.

"సాంతా!" అని అరిచాడు.

వెనక మెట్లు ఉన్నాయి. నేను వాటి మీంచి దిగి ఉండొచ్చు. ఇది రాస్తున్నప్పుడు అబద్ధం చెప్పదలుచుకోలేదు. అవి నాకు గుర్తు రాక కాదు.

నేను వీధి తలుపు వైపు పరుగెత్తాను. కమ్మీ తీసి విసిరేశాను. గడియ లాగి తలుపు బార్లా తెరిచాను. మెట్ల చీకట్లోకి అరిచాను.

"రండి! బాల్కనీ మీది! నేను తీస్తున్నాను తలుపు! నేను, ఫ్వెన్సాంతా, తీశాను! రండి, కూచోండి... వాణ్ణి వదిలెయ్యండి!"

కింద అడుగులు ఆగాయి. తిరిగాయి. పైకి రావడం మొదలుపెట్టాయి.

తొందర లేకుండా.

నేను వంటింట్లోకి పరుగెత్తి గోడకి తిరిగి కూచున్నాను. నుదురు ఆనించాను. జిడ్డు మరక చల్లగా ఉంది. మామ్మదీ నాదీ ఒకే ఎత్తు.

వాళ్ళు వచ్చారు. కుర్చీలు కిర్రుమన్నాయి, ముందు నాలుగు, వెనక నాలుగు. కూజాలోంచి నీళ్ళు గ్లాసుల్లోకి పడ్డాయి. ఎవరో గొంతు సవరించుకున్నారు. చోటిస్తే ఆగిపోతుందనుకున్నాను. వాళ్ళు కోరింది అదే కదా అనుకున్నాను.

ఆట ఆగలేదు. చూడడానికి వీలు కుదిరింది, అంతే.

ఎలోయ్ అరుపులు చాలాసేపు వినపడ్డాయి. మొదట నా పేరు. తర్వాత వాళ్ళమ్మ పేరు. తర్వాత మాటలు కాదు. ప్రతి అరుపుకీ నా వెనక మెత్తగా చప్పట్లు, చేతి తొడుగులు వేసుకున్న చేతుల చప్పట్లు... ఒక స్త్రీ చిన్నగా నవ్వింది. "ఈ ఏడు బాగుంది," అన్నారు ఎవరో, పక్కవాళ్ళకి వినపడేంత మాత్రం.

ఒక్కరి మీద చెయ్యి వేస్తే అందరి మీదా వేసినట్టే అని నేను ఎన్ని గోడల మీద రాశానో! ఆ గంటసేపూ నా ఎదురుగా ఒక గోడ ఉంది. దాని మీద ఏమీ రాయలేదు. తల కూడా తిప్పలేదు.

సాన్ పెద్రో గంట ఆరు కొట్టింది. కుర్చీలు వెనక్కి జరిగాయి. వెళ్ళేటప్పుడు ఒకరు వంటింటి గుమ్మం దగ్గర ఆగారు. కమలాపండు వాసన నా మెడ మీదికి వచ్చింది.

"నీళ్ళు చల్లగా ఉన్నాయి," అంది ఆ గొంతు, మెచ్చుకోలుగా.

*

రెండో అంతస్తు బాల్కనీ నుంచి పడి చనిపోయాడని రాశారు. నేను కాదన్నాను. పోస్టుమార్టం చేసిన డాక్టరు కుర్రవాడు, నా ఈడువాడు. నన్ను వరండాలోకి పిలిచి, తొడలో గాయం కింద నుంచి పైకి ఉందని, చెయ్యి మోచేతి దాకా పట్టేంత లోతుందని చెప్పాడు. లోపల ఇసక ఉందన్నాడు. "ఆ చౌకులో ఇసకెక్కడిది?" అని నన్నే అడిగాడు. కాయితం మీద మాత్రం రాయలేదు. ఉద్యోగం కొత్త.

మామ్మకి తుంటి విరిగింది. ఆస్పత్రి నుంచి సన్యాసినులు నడిపే ముసలివాళ్ళ ఇంటికి మార్చారు. ఇల్లు ప్రమాదకరంగా ఉందని, ఎలాగూ ఖాళీగానే ఉందని కంపెనీ సెప్టెంబరులో తలుపుకి అంకెల తాళం బిగించింది. ఎవర్నీ తోయలేదు, ఏ మంచమూ వీధిలో పెట్టలేదు. నల్లచొక్కాలవాళ్ళు రావాల్సిన పనే పడలేదు. నేనే చేసిపెట్టాను. సంఘం వాళ్ళు నా ఎదురుగా ఆ మాట అనలేదు. కానీ నేను వెళ్ళినప్పుడు మాటలు ఆపేసేవారు.

అక్టోబరులో మామ్మని చూడడానికి వెళ్ళాను. ముంజేతి మీద నా నాలుగు వేళ్ళ మచ్చలు అలాగే ఉన్నాయి. నల్లబడ్డాయి.

"ఆ రోజు తలుపు తీసి ఏమన్నావు?" అంది.

"బాల్కనీ మీది, రండి అన్నాను."

"ఎవరు తీస్తున్నట్టు చెప్పావు?"

"నేనే అన్నాను."

"పేరు చెప్పావా?"

తల ఊపాను.

"పిచ్చి పిల్లా," అంది. కోపంగా కాదు. నన్ను చాలాసేపు చూసింది, గుడ్డు దీపానికి అడ్డం పెట్టి చూసినట్టు. తర్వాత మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. నవంబరులో పోయింది.

మళ్ళీ ఆగస్టు వస్తుందంటే నాకు నిద్ర పట్టలేదు. పదహారున ఆ ఇంట్లో ఎవరు దిగుతారో, వాళ్ళకి తలుపు తియ్యాలని ఎవరు చెబుతారో అని. కంపెనీకి నాలుగు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికి జవాబు వచ్చింది. మా సేవలపై ఆసక్తికి ధన్యవాదాలు అన్నారు. చివరికి ఆ రోజు నాలుగు గంటలకి నేనే వెళ్ళి ఆ తలుపు ముందు నిలబడ్డాను. లోపల సంగీతం, పిల్లల నవ్వులు. తట్టాను. ఎర్రగా కమిలిన ముఖంతో ఒకాయన తీశాడు. అయిదింటికి ఎవరైనా వస్తే తలుపు తియ్యండి, ఎనిమిది కుర్చీలు వెయ్యండి, పిల్లల్ని గోడకి తిప్పి కూచోబెట్టండి అన్నాను. ఆయన నవ్వు ముఖంతోనే తలుపు మూసేశాడు.

అయిదు కొట్టేదాకా మెట్ల మీదే కూచోవాలనుకున్నాను. కూచోలేదు. పారిపోయి వచ్చాను.

నేను ఉండేది ఏటి అవతల, అయిదో అంతస్తులో ఒక అద్దె గది. ఒక మంచం, ఒక కుర్చీ, పుస్తకాలు. ఉన్న ఒక్క కిటికీ పక్క భవనం గోడలోకి తెరుచుకుంటుంది. తలుపు వేసుకుని, పరుగెత్తి వచ్చిన ఆయాసంతో నిలబడ్డాను. ఏటి అవతల ఎక్కడో గంట అయిదు కొట్టింది.

కొర్రెదేరాలో ఏమీ జరగలేదని మర్నాడు తెలిసింది. ఆ కుటుంబం సాయంత్రం దాకా ఇంట్లోనే ఉందట. ఎవరూ తలుపు తట్టలేదట.

నా తలుపు తట్టారు.

రెండు. ఆగి, మూడు.

అది మా కొట్టుడు. సంఘం మొహం చూసి నెలలైంది. ఆ కొట్టుడుతో నా గదికి వచ్చేవాడు ఒక్కడే ఉండేవాడు.

నేను తలుపు తీశాను. కుర్చీని కిటికీ వైపు తిప్పి వేశాను. గ్లాసుతో నీళ్ళు పెట్టాను. మంచం పక్కన నేల మీద కూచుని గోడకి నుదురు ఆనించాను. అడుగులు లోపలికి వచ్చాయి. లెక్కపెట్టాను. ఎనిమిది జతలు, నెమ్మదిగా. వాటి వెనక ఇంకొకటి, ఒట్టి కాళ్ళతో, ఒక కాలు ఈడుస్తూ... టమాటా, వెల్లుల్లి వాసన.

గంటసేపు ఉన్నారు. నా వెనక విసనకర్రలు కదిలాయి. మధ్యలో ఒకసారి, మెత్తగా, చప్పట్లు కొట్టారు.

వాళ్ళు వెళ్ళాక లేచాను. గ్లాసు ఖాళీగా ఉంది. పలకల మీద చిటికెడు పసుపుపచ్చ ఇసక.

నా గదికి బాల్కనీ లేదు. కిటికీ వైపు వేసిన కుర్చీ ఇటు తిరిగి ఉంది. నేను కూచున్న గోడ వైపు, బాగా దగ్గరగా, ముందు వరసలో వేసినట్టు.